ఎప్పట్నుంచో లేని పన్ను

పోయిన వారం నన్ను వంటింట్లో, చేతిలో బీమా కంపెనీ ఉత్తరంతో వదిలి వెళ్ళారు మీరు. ఉత్తరం ఇంకా చేతిలోనే ఉంది. మడతలు కాస్త నలిగాయి, అంతే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను ముప్పై ఏళ్ళు పనిచేసిన జున్ను ఫ్యాక్టరీ మే నెలలో మూతపడింది. దాంతోపాటు వాళ్ళిచ్చే పళ్ళ బీమా కూడా పోయింది. నా అంతట నేను వేరే బీమా కొనుక్కున్నాను. అది జూలై ఒకటిన మొదలైంది. జూలై పందొమ్మిదిన మా ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని చెర్రీపండ్ల పై ముక్క తింటుంటే గింజ ఒకటి అడ్డం పడి, ఏడాదిగా కదులుతున్న నా పైవరస ముందుపన్ను వేరుతో సహా ఊడి చేతిలో పడింది. ఆ సందులో కట్టుడు పన్ను, అదే బ్రిడ్జి, కట్టించుకుంటాను, సగం ఖర్చు మీరివ్వాలి కదా అని కంపెనీకి రాస్తే వచ్చిన జవాబు ఈ ఉత్తరం. "ఈ పన్ను పాలసీ మొదలవక ముందే లేదు. కాబట్టి చెల్లించలేము."

పద్దెనిమిది రోజుల తేడాతో ఉన్న పన్నుని లేదనేశారు.

ఒక్క పన్నేగా, నోరు మూసుకుని నవ్వితే సరిపోదా అంటారేమో. నేను కార్నెట్ వాయిస్తాను, అదొక పొట్టి ఇత్తడి బూర. సెప్టెంబరు మూడో ఆదివారం మా పారిష్ కెర్మిస్, అంటే మా చర్చి తిరునాళ్ళు. పూజ అవగానే చర్చి మెట్ల దగ్గర్నుంచి హాలు దాకా మట్టిరోడ్డు మీద ఊరంతా దుమ్ము లేచేలా చిందులేస్తూ పోతుంది. ఆ ఆటకి ముందు కార్నెట్ నడుస్తుంది. నలభై ఏళ్ళు మా నాన్న నడిచాడు, ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు నేను. ముందుపళ్ళ దన్ను లేకపోతే పెదవి నిలవదు, స్వరం నిలవదు. ఊడిన మర్నాడే ఊది చూశాను. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు వినిపించింది. మళ్ళీ ముట్టుకోలేదు.

కెర్మిస్‌కి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. బ్రిడ్జికి రెండు వారాలకు పైగా పడుతుంది. రేపు శుక్రవారం సాయంత్రం అయిదు లోపల కంపెనీకి రుజువు పంపితేనే పని మొదలవుతుంది. లేకపోతే బ్రిడ్జి తయారుచేసే వాళ్ళ దగ్గర మళ్ళీ ఖాళీ దొరికేది అక్టోబరులోనే. అందుకే గురువారం పొద్దున్నే కాఫీ సగంలో వదిలేసి క్లినిక్కి పోయాను.

బల్ల దగ్గర ఇవాన్ ఉంది. ఒకప్పుడు నా దగ్గర ఆదివారం బడిలో ప్రార్థనలు నేర్చుకున్న పిల్ల.

"కూర్చో ఆంటీ."

"కూర్చోను. నా పన్ను జూలైకి ముందే పోయిందని మీరెవరు రాయడానికి?"

"మేమెందుకు రాస్తాం ఆంటీ?"

"మరి కంపెనీ వాడికి కలొచ్చిందా? మీరు పంపిన కాగితాల్లో అలా ఉందని ఇందులోనే రాశాడు. చూడు."

ఇవాన్ ఉత్తరం చదివింది. ఏవో మీటలు నొక్కింది. కాసేపు తెర వైపు చూసి, ఒకసారి నా వైపు చూసి, తెరని మెల్లిగా నా వైపు తిప్పింది.

"జూలై ఇరవై రెండు. పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చావు. 'పైవరస ముందుపన్ను లేదు. ఎప్పుడు పోయిందని అడగగా పేషెంటు చెప్పిన జవాబు: అది ఎప్పట్నుంచో లేదులే అమ్మా, దాని గురించి ఇబ్బంది పడకు.'"

నాకు గుర్తొచ్చింది. ఆ పళ్ళు తోమే అమ్మాయి గ్రీన్ బే పట్నం నుంచి కొత్తగా వచ్చింది. నా నోరు చూసి నిజంగానే అయ్యో అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పని చేసింది. మా వాళ్ళు అది భరించలేరు. మా అమ్మ తుంటి ఎముక విరిగి మూడు గంటలు నేల మీద పడుంది. అంబులెన్సు వాళ్ళు వస్తే "కాస్త పట్టేసింది నాయనా, మీకు శ్రమ" అంది. పక్కవాడి గడ్డివాము తగలబడుతుంటే ఏమైందని అడగండి, కొంచెం పొగ వస్తోందంటాడు. నేనూ ఆ మట్టిలో పుట్టినదాన్నే. ఆ పిల్ల బాధపడుతుందని పన్నుని ఎప్పట్నుంచో లేకుండా చేసేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదైపోయింది.

"కొట్టెయ్ దాన్ని," అన్నాను.

"రాసింది కొట్టెయ్యకూడదు ఆంటీ. కింద ఇంకో మాట చేర్చొచ్చు."

"చేర్చు మరి."

"చేరుస్తాను. కానీ డబ్బు రాదని తెలిశాక మాట మార్చిందంటారు వాళ్ళు. వేరే రుజువు కావాలి. జూలై ఒకటి తర్వాత ఆ పన్ను నీ నోట్లో ఉన్నట్టు కనపడాలి, తారీఖుతో సహా. ఎక్స్‌రే అయితే బాగుండేది, కానీ నువ్వు చివరిసారి తీయించుకుంది మూడేళ్ళ కిందట. ఫోటో ఏదైనా ఉందా?"

"ఊడిన పన్ను సీసాలో దాచాను. తెచ్చేదా?"

"దాని మీద తారీఖు ఉండదుగా ఆంటీ."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కృతజ్ఞతలు చెప్పాను. మళ్ళీ అదే జబ్బు.

ఇంటికొచ్చి ఫోటోల డబ్బా బోర్లించాను. ఫోనులో ఉన్నవన్నీ వెనక్కి, ముందుకి జరిపాను. ఒక్కదాంట్లో పన్ను కనపడితే ఒట్టు. మా వంశంలో ఫోటోకి నోరు తెరిచినవాళ్ళు లేరు. పెళ్ళికూతుళ్ళు కూడా పెదాలు బిగించే ఉంటారు. నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. నాలుక ఊరికే ఆ సందులోకి పోతోంది, వద్దన్న చోటికే పోయే దూడలాగా. ఇంక ఇంట్లో ఉండలేక మార్సెల్లా దగ్గరికి పోయాను.

మార్సెల్లా ఫ్యాక్టరీలో పాతికేళ్ళు నా పక్కనే నిలబడి జున్ను కోసింది. ఇప్పుడు మరిది నడిపే టావెర్న్‌లో, అదే మా ఊరి బార్‌లో, వడ్డిస్తోంది. జూన్‌లో ఒక శుక్రవారం, చేపల వేపుడు తింటూ, మేమిద్దరం అక్కడే కూర్చుని బీమాలు పోల్చుకున్నాం. ప్లేటు కింద వేసే కాగితం తిరగేసి మూడు గళ్ళు గీశాం. ఒకటి నెలకి ఇరవై రెండు డాలర్లు, కానీ పెద్ద పనులకి ఏడాది వెయిటింగ్ పీరియడ్. రెండోది ముప్పై ఏడు, ఆరు నెలలు ఆగాలి. మూడోది యాభై తొమ్మిది. ఆగక్కర్లేదు, మొదటి వంద మనం పెట్టుకుంటే పెద్ద పనుల్లో సగం వాళ్ళిస్తారు, ఏడాదికి పదిహేను వందలు దాటకుండా.

"యాభై తొమ్మిదా! ఒళ్ళు కొవ్వెక్కిందా నీకు?" అంది మార్సెల్లా ఆ రోజు.

"నెలకెంతని చూడకే. ఏడాది చివరికి జేబులోంచి ఎంత పోతుందో చూడు," అన్నాను. నా పన్ను కదులుతోందని నాకు తెలుసు. బ్రిడ్జి మూడువేల ఆరువందలు. చౌకది కొంటే ఏడాది ప్రీమియం రెండువందల అరవై నాలుగు, బ్రిడ్జి మొత్తం నా నెత్తిన, కలిపి మూడువేల ఎనిమిదివందల అరవై నాలుగు. రెండోది జనవరి దాకా పైసా ఇవ్వదు, కెర్మిస్ ఎవరి కోసమూ జనవరి దాకా ఆగదు. ఖరీదైనది కొంటే ప్రీమియం ఏడువందల ఎనిమిది, బ్రిడ్జిలో నా వంతు రెండువేల వంద, కలిపితే రెండువేల ఎనిమిదివందల ఎనిమిది. వెయ్యికి పైగా మిగులు. ఫ్యాక్టరీ వాళ్ళు చివర్లో చేతిలో పెట్టిన డబ్బులో నా దగ్గర మిగిలింది సరిగ్గా ఆ రెండువేల వందే. లెక్క ఎక్కడా తప్పలేదు. నేనే తప్పాను.

ఆ కాగితం ఇప్పటికీ బార్ వెనక గోడకి గుచ్చి ఉంది, నూనె మరకలతో. అడుగున మార్సెల్లా దస్తూరీ: "పాలసీకి ముందే పోయిన పళ్ళకి ఇవ్వరు. దూడ పుట్టకముందే ఆవుని పితకరు." మూడు గళ్ళకీ కలిపి ఒకే షరతు. ఆ రోజు దానికి పడీ పడీ నవ్వాం.

క్లినిక్‌లో జరిగింది విని మార్సెల్లా తువ్వాలు భుజాన వేసుకుంది.

"రుజువు లేకపోవడమేంటే? పెళ్ళి వీడియో ఉందిగా."

"దాని మాట ఎత్తకు."

"జూలై పదకొండు. నేనేగా కారులో దింపింది."

"మార్సెల్లా, దాని మాట ఎత్తకన్నానా."

ఎత్తకుండా ఉంటుందా? ఫోను తీసి నా ముందు పెట్టింది. పెళ్ళికూతురి చుట్టాలమ్మాయి నెట్‌లో పెట్టిన వీడియో. పచ్చిక మీద టెంటు, బ్యాండు, ముందు వరసలో కార్నెట్‌తో నేను. పాట ముగియగానే పక్కన ఎవరో ఏదో అంటే తల వెనక్కి వాల్చి నోరంతా తెరిచి నవ్వుతున్నాను. అంతగా నవ్వుతానని నాకే తెలియదు. పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఆ ముందుపన్ను కొంచెం వంకరగా, ఎండకి మెరుస్తూ, దాని చోట అది ఉంది. తారీఖు కిందే ఉంది.

నా తల మీద ఎర్ర టోపీ కూడా ఉంది.

ఎర్ర టోపీలు వాగు అవతలి పారిష్ బ్యాండువి. మా బ్యాండువి నీలం కోట్లు. అరవై అయిదేళ్ళ కిందట వాళ్ళు మా పెద్ద డోలు అరువుకి తీసుకుని తిరిగివ్వలేదు. అప్పట్నుంచి వాళ్ళ పెళ్ళిళ్ళకి మేం వెళ్తాం, చావులకి వెళ్తాం, వాళ్ళతో కలిసి వాయించం. వాళ్ళ నాయకుడు ఎల్డ్రెడ్ జూలైలో ఫోన్ చేసి, ఒక పెళ్ళికి వాయించాల్సినవాడు జబ్బుపడ్డాడు, రెండువందల డాలర్లిస్తాం, వస్తావా అన్నాడు. ఫ్యాక్టరీ పోయి రెండు నెలలు. వెళ్ళాను. డబ్బు కోసమే వెళ్ళానని మార్సెల్లాకి చెప్పాను. వాళ్ళు బతిమాలి పిలిచారు, నేను వాయిస్తుంటే చెవులొగ్గి విన్నారు, నాకు సంతోషమేసింది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"పంపెయ్. కంపెనీ వాడికి నీలమేంటో ఎరుపేంటో ఏం తెలుసు?" అంది మార్సెల్లా.

"క్లినిక్ నుంచే పోవాలి. ఇవాన్ చూస్తుంది. ఇవాన్ వాళ్ళమ్మ చూస్తుంది. ఆదివారం పూజకి ముందే మా అన్నయ్య చూస్తాడు."

"పంపకపోతే పన్ను లేదు. పంపితే బ్యాండు లేదు. ఏదో ఒకటి తేల్చుకో తల్లీ, నన్ను రెండో టేబుల్ వాళ్ళు పిలుస్తున్నారు."

ఇంటికి తిరిగొచ్చేసరికి నేను పిలవకుండానే మా అన్నయ్య క్లెమెంట్ ట్రక్కు వాకిట్లోకి వచ్చి ఆగింది. క్లెమెంట్‌కి అరవై ఎనిమిది. నలభై ఆవులు, మోకాలి నొప్పి, మా బ్యాండు నాయకత్వం, ఈ మూడూ నాన్న నుంచే వచ్చాయి. ట్రక్కులో పక్క సీట్లో ఎవరో ఉన్నారు. అద్దం మీద ఎండ పడి మొహం కనపడలేదు.

"ఎవరన్నయ్యా? లోపలికి రమ్మను. కాఫీ పెడతాను."

"పర్లేదు, కూర్చుంటారు. నేనో మాట చెప్పి పోదామని వచ్చాను." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఫ్రిజ్ మీదున్న కార్నెట్ పెట్టె వైపు చూశాడు. "పన్ను సంగతి ఏమైంది?"

చెప్పాను. ఇవాన్ తెర తిప్పి చూపించిన దగ్గర్నుంచి తారీఖున్న రుజువు కావాలన్న దాకా. కోపం వస్తుందనుకున్నాను. ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

"అచ్చం అమ్మవే నువ్వు. సరే, నేను ఉత్తరం రాసిస్తాను. బ్యాండు నాయకుణ్ణిగా. జూలైలో నా చెల్లెలు అన్ని పళ్ళతోనూ వాయించిందని."

"జూలైలో మన బ్యాండు ఎక్కడా వాయించలేదన్నయ్యా. గడ్డి కోతలని నువ్వే వద్దన్నావు."

"అవును కదూ." కాఫీ కలిపాడు. కలిపింది మళ్ళీ కలిపాడు. "నువ్వేమైనా ఎక్కడన్నా వాయించావా?"

మామూలుగా అడిగాడో, ఏదో తెలిసి అడిగాడో ఇప్పటికీ చెప్పలేను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఫోను మీదికి పోయింది. పొద్దుట్నుంచీ నిలవని కాళ్ళు అప్పుడు ఆగాయి. ఎలాగూ తెలిసేదే. ఇవాన్ వాళ్ళమ్మ నోట వినేకంటే నా నోట వినడం మేలనిపించింది. ఫోను తీసి బల్ల మీద పెట్టి నొక్కాను.

ఆయన కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. బొమ్మ చూడకుండా తల వంచి విన్నాడు. ఒక్క చరణం కూడా కాలేదు.

"నువ్వే," అన్నాడు. "ఊపిరి అక్కడ తీసేది నాన్న. తర్వాత నువ్వు."

"అన్నయ్యా..."

"నాన్న పాట ఇది. కెర్మిస్ పాట."

"అవును."

"డప్పులు మనవాళ్ళవి కావు."

"కావు."

ఫోను ఎత్తి, చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు. టోపీ రంగు కనపడటానికి కళ్ళద్దాలు అక్కర్లేదు.

"ఎంతిచ్చారు?"

"రెండువందలు."

"నాన్న పాటకి రెండువందలు."

అప్పుడు నాకూ మండింది. "నాన్న పాట నా కరెంటు బిల్లు కడుతుందా? ఫ్యాక్టరీ మూసేశాక నేనెలా బతుకుతున్నానని నువ్వొక్కసారన్నా అడిగావా?"

"అడిగాను," అన్నాడు క్లెమెంట్, గొంతు పెంచకుండా. "మే నెలలో అడిగాను, చర్చి మెట్ల మీద. జూన్‌లో మీ ఇంటికొచ్చి అడిగాను. రెండుసార్లూ 'నాకేం, బాగానే ఉన్నాను' అన్నావు."

నిజమే. రెండుసార్లూ అన్నాను. రెండోసారి ఆయన చేతిలో జున్ను కూడా పెట్టి పంపాను.

ఆయన లేచాడు. మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కార్నెట్ పెట్టె దించాడు. నాన్న దాన్ని బ్యాండుకి రాసిచ్చాడు, నాకు కాదు. నాకా సంగతి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అంతే.

"అది ఎక్కడికి?"

"బ్యాండుది బ్యాండుకి. నువ్వు వీడియో పంపుకో. పన్ను కట్టించుకో. నీ పన్ను నీ ఇష్టం."

"పన్ను దేనికి కట్టించుకుంటున్నాననుకున్నావు? మొక్కజొన్న కంకులు కొరకడానికా?"

ఆయన జాలీ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపంలోనే ఇవాన్‌కి వీడియో పంపాను, కింద ఒక్క వాక్యం రాసి: "ఈ పన్ను నాదే. ఎప్పట్నుంచో లేకపోవడం అబద్ధం." జీవితంలో మొదటిసారి ఎవరికీ ఇబ్బంది అవుతుందేమోనని ఆలోచించలేదు. పంపాక హాయిగా ఉంటుందనుకున్నాను, లేదు.

ట్రక్కు ఇంకా కదల్లేదు. మనసు మార్చుకున్నాడేమో, పెట్టె తిరిగిస్తాడేమో అనుకుని చెప్పుల్లేకుండానే వాకిట్లోకి పరుగెత్తాను. అప్పుడు గుర్తొచ్చింది, ఏదో మాట చెప్పి పోదామని వచ్చినవాడు ఆ మాటేంటో చెప్పనే లేదు.

ఎండ పక్కకి తిరిగింది. అద్దంలోంచి లోపల స్పష్టంగా కనపడుతోంది. క్లెమెంట్ కిటికీలోంచి కార్నెట్ పెట్టె లోపలికి అందిస్తున్నాడు. రెండు చేతులతో అందుకున్న మనిషి తల మీద ఎర్ర టోపీ ఉంది. అది ఎల్డ్రెడ్ కూతురు నోయెల్లా. ఈసారి కెర్మిస్‌లో నా బదులు కార్నెట్‌తో నడిచేది ఈ పిల్లేనని చెప్పడానికే అన్నయ్య వచ్చాడన్నమాట. పెళ్ళిలో నా పక్కనే నిలబడి వాయించిన పిల్ల. పాట అయ్యాక నన్ను అంతలా నవ్వించింది ఆ పిల్లే. నవ్వించి, "ఆంటీ, ఈ పాట నాకూ నేర్పవా, ఒక్కసారి" అని అడిగింది.

ఇబ్బందేముంది తల్లీ అని, ఆ సాయంత్రమే టెంటు వెనక కూర్చోబెట్టి మొత్తం నేర్పాను. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా.